పెరట్లో పూల్ కదిలింది

గోడ అవతల ఎవరో ఆడపిల్ల కెవ్వుమంది.

లాడిస్లావ్ చేతిలో బ్రష్ అక్కడే పడేసి గేటు దగ్గరికి పరుగెత్తాడు. పూల్‌లో నీళ్ళు తోడి రోడ్డు పక్క కాలవలోకి వదులుదామని పొద్దున్నే పైపు గోడ మీదుగా అవతలికి వేశాడు. ఆ పైపు ఎప్పుడు పక్కకి జారిందో ఏమో, ఇప్పుడు కాలవను వదిలేసి రోడ్డుకి అభిషేకం చేస్తోంది. ఆ అభిషేకం మధ్యలో ఒక స్కూటర్, స్కూటర్ మీద ఒక పసుపు రెయిన్‌కోటు, రెయిన్‌కోటులో ఒక అమ్మాయి.

వారంగా పట్టిన ముసురు ఆ పొద్దునే వదిలింది. ఎండ వచ్చింది కదా అని ఆమె రెయిన్‌కోటు గుండీలు పెట్టుకోలేదు. అదే కొంప ముంచింది.

"సారీ సారీ! చూసుకోలేదండీ. ఉండండి, టవల్ తెస్తాను."

"టవల్ సంగతి తర్వాత. ఈ నీళ్ళెక్కడివి?" కళ్ళు తుడుచుకుంటూ అడిగింది ఆ అమ్మాయి.

"మంచి నీళ్ళేనండీ. మా పూల్‌వి. కాస్త పచ్చబడ్డాయి, అంతే. ఒంటికేం కాదు."

"పూల్ ఖాళీ చేస్తున్నారా?"

"అవునండీ."

"ఇప్పుడా? జూన్ నెలలోనా?"

గుడ్ ఫ్రైడే నాడు పంది మాంసం వండుతున్నారా అని అడిగినట్టు అడిగింది. జవాబు కోసం ఆగకుండా స్కూటర్‌కి స్టాండు వేసి, అతన్ని దాటుకుని, తడి చెప్పులు టపటపలాడించుకుంటూ నేరుగా పెరట్లోకి నడిచింది.

"పంపు ఆపండి. ముందు పంపు ఆపండి!"

ఆపాడు. ఎందుకు ఆపాడో అతనికే తెలియదు. ఆ గొంతులో ఏదో ఉంది.

"చూడండీ, వచ్చే గురువారం సాంజావ్ పండగ, ఊరంతా నీళ్ళలో దూకే రోజు. వాడ బావి గోడ ఈ వానలకి కూలిపోయింది. దూకడానికి వేరే చోటు లేదని కుర్రాళ్ళొచ్చి మా అమ్మని అడిగారు. మాయ్ సరే అనేసింది. తీరా చూస్తే నీళ్ళు పాచి పట్టాయి. అందుకని మొత్తం తోడేసి, కడిగి, మళ్ళీ నింపుదామని..."

ఆమె వినడం లేదు. పెరటి మూల బావి దగ్గరికి వెళ్ళి లోపలికి వంగి చూస్తోంది.

"మీ పూల్ లోతెంత?"

"ఆ చివర ఆరడుగులు."

"ఇలా రండి. బావిలో నీళ్ళు చూడండి."

చూశాడు. ఏప్రిల్‌లో ఎంత తాడు వదిలినా బకెట్టుకి నీళ్ళు అందేవి కావు. ఇప్పుడు వంగి చెయ్యి పెడితే తడుస్తుంది.

"నేలకి రెండడుగుల కిందే నీళ్ళున్నాయి. మరి మీ పూల్ అడుగు ఎక్కడున్నట్టు? నీళ్ళలో."

"పూల్ అడుగు నీళ్ళలో కాక ఇంకెక్కడుంటుందండీ?"

"లోపలి నీళ్ళు కాదు మహానుభావా, బయటి నీళ్ళు! ఈ సాల్ నది పక్కన వానాకాలంలో భూమంతా నీళ్ళే. అవి కింది నుంచి మీ పూల్‌ని పైకి తోస్తూ ఉంటాయి. లోపలి నీళ్ళ బరువే దాన్ని అణిచిపెట్టి ఉంచుతుంది. ఆ బరువు మీరు తీసేస్తున్నారు." అతని వైపు తిరిగి అడిగింది. "ఇంతకు ముందు మీరేం పని చేసేవారు?"

"చాలా ఏళ్ళు ఓడలో వంట చేశాను."

ఆమె మొహం వెలిగింది. "ఓడలోనా! అయితే చెప్పండి, అంత ఇనుము నీళ్ళ మీద ఎందుకు తేలుతుంది?"

"లోపల ఖాళీ కాబట్టి."

"మరి మీరిప్పుడు చేస్తున్నదేంటి?"

లాడిస్లావ్ పూల్ వైపు చూశాడు. నీళ్ళు సగం తగ్గి ఉన్నాయి. నీలం పలకల మీద పచ్చని పాచి గీత. ఎక్కడికీ వెళ్ళే ఉద్దేశం లేనట్టు బుద్ధిగా కూర్చుని ఉంది. నవ్వొచ్చింది.

"సిమెంటు తొట్టి తేలడం ఏంటండీ!"

ఆమె సంచిలోంచి ఒక కార్డు తీసి ఇచ్చింది. ఒలిండా మస్కరెన్యస్, సివిల్ ఇంజనీర్. పూల్ నిర్మాణం, మరమ్మతులు.

"ఓహో," అన్నాడు లాడిస్లావ్, కార్డు అటూ ఇటూ తిప్పి. "మార్కెటింగా! ఇంతసేపూ నిజమే అనుకున్నాను."

ఒలిండా చెవులు ఎర్రబడ్డాయి. రెయిన్‌కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టుకుంది.

"పూల్ మీది, పెరడు మీది. తేలినప్పుడు మంచి పేరు చూసి పెట్టుకోండి ఓడకి."

స్కూటర్ బుర్రుమంటూ వెళ్ళిపోయింది. కిటికీలోంచి వాళ్ళమ్మ పెర్పెతు తొంగి చూసింది.

"ఎవర్రా లాడూ, ఆ పసుపు పిల్ల?"

"ఎవరో మాయ్. ఏదో అమ్ముదామని వచ్చింది."

"కొనకపోయావా? బాగుంది."

పెర్పెతుకి అరవై దాటాయి. రెండేళ్ళ కింద చర్చి మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయినా నేల మీద నడక రాలేదు. నీళ్ళలో నడిపించి చూడండి అన్నాడు డాక్టరు. లాడిస్లావ్ ఓడ ఉద్యోగం వదిలేసి వచ్చి పెరట్లో ఈ పూల్ తవ్వించాడు. నేల మీద వాకర్ పట్టుకుని ఉసూరుమంటూ జరిగే మనిషి, ఛాతీ లోతు నీళ్ళలోకి దిగితే చాలు, పెళ్ళి ఊరేగింపులో నడిచినట్టు తల ఎత్తుకుని నడిచేది. వానలు మొదలై నీళ్ళు పాచి పట్టాక ఆ నడక ఆగిపోయింది. నిజానికి లాడిస్లావ్ తొందరపడింది పండగ కోసం కాదు, అమ్మ కోసం.

అందుకే మళ్ళీ పంపు వేశాడు.

మధ్యాహ్నానికి వాన తిరిగొచ్చింది. మామూలుగా కాదు, కుండపోత. తల్లీకొడుకులు చేపల పులుసు కలుపుకుంటూ వరండాలో కూర్చున్నారు. కంచాల్లో సగం అన్నం ఉండగానే పెరట్లో చప్పుడైంది. రాతి మీద పెద్ద కొబ్బరికాయ కొట్టినట్టు.

"ఏంట్రా అది?"

లాడిస్లావ్ ఎంగిలి చేత్తోనే లేచి వెళ్ళాడు.

పూల్ అక్కడే ఉంది. కానీ లోతు వైపు అంచు రాళ్ళు, పొద్దుటి దాకా నేలకి అతుక్కుని ఉన్నవి, ఇప్పుడు నేలని వదిలి లేచి ఉన్నాయి. కింద సందు. వేలు పెట్టి చూశాడు. వేలు దూరింది. మెట్ల దగ్గర అమ్మ పట్టుకుని దిగే స్టీలు కమ్మీ పక్కకి వాలింది. అతను చూస్తుండగానే ఇంకో పలక టక్కుమని లేచి నీళ్ళలో పడింది.

ఇది ఇంకా లేస్తే? వరండా గోడ ఎంత దూరం? అన్నిటికన్నా ముందు ఆ వాలిన కమ్మీయే కళ్ళ ముందు కదిలింది.

కార్డు చెత్తబుట్టలోంచి ఏరాడు. నంబరు కొట్టాడు.

"హలో... నేనండీ... పొద్దున మీ మీద నీళ్ళు..."

"ఎంత లేచింది?" అంది అవతలి నుంచి ఒలిండా.

"వేలు పట్టేంత."

"పంపు ఆపు. ప్లగ్ పీకెయ్. పంపు బయటికి తీసేదాకా నీళ్ళలో కాలు పెట్టకు. వస్తున్నా."

పొద్దుటి 'మీరు' ఎక్కడికో పోయింది. ఆ 'నువ్వు' విన్నాక లాడిస్లావ్‌కి ఎందుకో మొదటిసారి కాస్త ఊపిరి ఆడింది.

వచ్చింది. ఈసారి గుండీలన్నీ పెట్టుకుని వచ్చింది. "నేను చెప్పానా" అంటుందని అతను మొహం సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. ఆమె ఆ మాటే ఎత్తలేదు. అంచు చుట్టూ ఒకసారి తిరిగి, మోకాళ్ళ మీద కూర్చుని సందులోకి చూసి లేచింది.

"బావికి మోటారుంది కదా? దాని పైపు పూల్‌లోకి పెట్టు. బావిలో నీళ్ళు తీసి పూల్‌లో పోద్దాం. అక్కడ తోపుడు తగ్గుతుంది, ఇక్కడ బరువు పెరుగుతుంది."

లాడిస్లావ్ పరుగెత్తాడు. బావి మోటారు మొరిగింది, పైపు నీళ్ళు కక్కింది. వానా పైపూ కలిసి పోస్తున్నా, అంత పెద్ద పూల్‌కి అది చిట్టి చెంబుతో పోసినట్టే ఉంది.

"చాలదు," అంది ఒలిండా. "అడుగున డ్రెయిన్‌లో ఒక వాల్వు ఉండాలి. బయటి నీళ్ళ ఒత్తిడి పెరిగితే అదే తెరుచుకుని నీళ్ళని లోపలికి రానివ్వాలి. ఇంత జరుగుతున్నా అదెందుకు తెరుచుకోలేదు?"

లాడిస్లావ్ బావి పైపు సర్దుతున్నట్టు వంగాడు.

"నిన్నే అడిగేది."

"దాని మీద పుట్టీ పెట్టాను."

"ఏం పెట్టావు?"

"పుట్టీ. వాటర్‌ప్రూఫ్ పుట్టీ. నిరుడు అక్కడి నుంచి సన్నగా ఇసుక వస్తోందని... లీక్ అనుకుని..."

ఒలిండా కళ్ళు మూసుకుని తెరిచింది. "పూల్‌కి ముక్కు మూసేశావన్నమాట."

వరండాలో గొడుగు వేసుకుని కూర్చున్న పెర్పెతు అందుకుంది. "చిన్నప్పుడు నా కుట్టు మిషన్‌కీ ఇలాగే చేశాడమ్మాయ్! చప్పుడొస్తోందని లోపల పిండి కూరాడు!"

"మాయ్, ఇప్పుడా అవన్నీ?"

నడుముకి తాడు కట్టుకుని లాడిస్లావ్ నీళ్ళలోకి దిగాడు. తాడు రెండో చివర ఒలిండా చేతిలో. లోతు వైపు ఇంకా నడుము దాకా నీళ్ళున్నాయి. మునిగి, ఉలితో పుట్టీని పొడిచి, ఊపిరికి పైకి లేచి, మళ్ళీ మునిగాడు. నిరుడు ఎంత శ్రద్ధగా పూశాడో ఇప్పుడు తెలుస్తోంది. తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు.

"ఊడుతోందా?"

"గట్టిగా ఉంది!"

"ఎవరు పెట్టారో గానీ బాగా పెట్టారు!"

ఆ వానలో, ఆ భయంలో కూడా అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూ మునిగితే నోట్లోకి పాచి నీళ్ళు పోయాయి. ఉక్రోషంతో ఉలిని అడ్డంగా పెట్టి బలం కొద్దీ తన్నాడు.

పుట్టీ ముక్క, దాని వెనకే వాల్వు మూతా ఎగిరిపోయాయి. ఎర్రమట్టి నీళ్ళు కింది నుంచి బుస్సున ఎగదన్నాయి. లాడిస్లావ్ వెల్లకిలా పడ్డాడు. ఒలిండా తాడు లాగింది. పైకి తేలిన అతని తల మీద ఎర్రటి బురద, చెవి మీద ఒక ఆకు.

"వచ్చిందా?" అన్నాడు దగ్గుతూ.

"చూడు!"

పూల్ మధ్యలో ఎర్రని ఊట పొంగుతోంది. ఇంతసేపూ కింది నుంచి నెట్టిన నీళ్ళే ఇప్పుడు లోపలికి వచ్చి కూర్చుంటున్నాయి.

ఒలిండా తలలోంచి ఒక పిన్ను తీసి, అంచు రాయి కింది సందులో నిలబెట్టింది. ఇద్దరూ దాని పక్కనే కూర్చున్నారు. వాన కొడుతూనే ఉంది. పెర్పెతు వరండాలోంచే జపమాల తిప్పుతోంది. నీళ్ళు ఒక పలక ఎక్కాయి, ఇంకో పలక ఎక్కాయి.

చీకటి పడబోతుండగా ఒలిండా చెయ్యి చాపి పిన్ను లాగింది. రాలేదు. ఇంకోసారి లాగింది. రాలేదు.

"ఏమైంది?" అన్నాడు లాడిస్లావ్ కంగారుగా.

"రావట్లేదు." ఆమె మొహమంతా నవ్వు. "రాయి దిగింది. పిన్నుని పట్టేసింది. మీ పూల్ కూర్చుంటోంది, లాడిస్లావ్."

లాడిస్లావ్ అక్కడే, ఆ తడి నేల మీదే, చేతులు బార్లా చాపి వెల్లకిలా పడుకున్నాడు. వాన తిన్నగా మొహం మీద పడుతోంది. ఎంత హాయిగా ఉందో చెప్పలేడు.

"పొద్దున మార్కెటింగ్ అన్నాను," అన్నాడు కళ్ళు మూసుకునే.

"అన్నావు."

"క్షమించు."

"అలాగే. కానీ పిన్నుకి బదులు పిన్ను కొనివ్వాలి."

*

మర్నాటి నుంచి ఒలిండా రోజూ వచ్చింది. పూల్ కదిలింది కదా, అంతటితో వదిలేస్తే వచ్చే వానకి మళ్ళీ అదే కథ అంది. లోతు వైపు పక్కన గొయ్యి తవ్వించింది. చిల్లులు పెట్టిన వెడల్పాటి పైపు అందులో నిలబెట్టి, చుట్టూ గుడ్డ కట్టి, కంకర నింపింది. పైపులో చిన్న పంపు. గోతిలో నీళ్ళు పెరిగితే అదే ఆన్ అయి కాలవలోకి తోడేస్తుంది. ఇంటి కప్పు మీది నీళ్ళు పూల్ వైపు పడకుండా గొట్టం మళ్ళించింది. వాలిన కమ్మీని తిన్నగా నిలబెట్టించింది.

"పాచి పడితే?" అడిగాడు లాడిస్లావ్.

"మందు వెయ్యి, బ్రష్ కొట్టు, ఫిల్టర్ తిప్పు. వానల్లో మాత్రం ఖాళీ చెయ్యకు. ఖాళీ చేసి తీరాలంటే వేసవి దాకా ఆగు, బావిలోకి తొంగి చూడు, నన్ను పిలువు."

"పాచి పట్టకపోయినా పిలవచ్చా?"

ఒలిండా కంకర పార మీద చెయ్యి ఆపింది. "ఫీజు పడుతుంది."

"ఏం ఫీజు?"

"నిన్న పెట్టావే, ఆ కొబ్బరి రొట్టె."

అతను రోజుకొకటి వండేవాడు. ఓడలో వేలమందికి వండిన చెయ్యి. ఒక్క మనిషి ఏం తింటుందా అని ఆలోచిస్తూ వండటం కొత్తగా ఉంది. పెర్పెతు అన్నీ చూసేది. "నాకు రోజూ గంజి పోసేవాడివి కదరా, ఈ పిల్ల వచ్చాక ఇంట్లో మసాలా వాసన వస్తోంది," అని కొడుకు చెవిలో పడేలా అనేది.

అంతా బాగుంది అనుకుంటుండగా, పండగకి ముందు సోమవారం, లాడిస్లావ్ టీ కప్పులు తెస్తూ వరండా మలుపులో ఆగిపోయాడు. ఒలిండా ఫోన్‌లో ఉంది.

"డెంజిల్, రింగ్ దొరికిందా లేదా?... అయ్యో, ఎన్నిసార్లు చెప్పాలి, సైజు ముఖ్యం!... సాంజావ్ కంటే ముందే వేసెయ్యాలి, ఇక ఆగలేను... పపాకి చెప్పాను. ఆయనే నీ దగ్గరికి వచ్చి తీసుకుంటారు... థాంక్యూ, డెంజిల్. నువ్వు లేకపోతే ఏమైపోయేదాన్నో!"

టీ ట్రే బరువెక్కింది.

డెంజిల్. రింగ్. సాంజావ్‌కి ముందే. నాన్నకి కూడా తెలుసు.

ఆ రోజు టీలో చక్కెరకి బదులు ఉప్పు పడింది. కావాలని కాదు. ఒలిండా ఒక గుక్క తాగి అతని మొహంలోకి చూసి, కప్పు కింద పెట్టింది.

మర్నాడు అతను గొయ్యి వైపే రాలేదు. ఆమే వంటింటి కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఏంటి, మౌనవ్రతమా?"

"ఏం లేదండీ."

"అండీ ఏంటి మళ్ళీ?"

"కంగ్రాచ్యులేషన్స్."

"దేనికి?"

"రింగ్ విషయం విన్నాను. మంచిది. వచ్చాక నాకూ చూపించండి."

"చూపించడం ఏంటి? వెయ్యాల్సింది నువ్వే కదా."

లాడిస్లావ్ చేతిలో గరిటె జారింది. "నేనా?"

"మరెవరు? పపాకి వయసైపోయింది. డెంజిల్‌కి నీళ్ళంటే భయం."

"నీళ్ళెందుకు?"

"నీళ్ళలోనే కదా వెయ్యాలి!"

లాడిస్లావ్ వంగి గరిటె తీసుకున్నాడు. ఇదేం పద్ధతి? ఎక్కడి ఆచారం? అడిగేలోపే గేటు దగ్గర సైకిల్ బెల్లు మోగింది. తెల్ల మీసాల పెద్దాయన ఒకాయన గొడుగు మూస్తూ లోపలికి వచ్చాడు. ఒలిండా వాళ్ళ నాన్న, ఇనాస్. సాంజావ్ వస్తే మట్టి డోలు ఘుమట్ వాయిస్తూ చుట్టుపక్కల వాడలన్నిటినీ నడిపించేది ఆయనే.

"ఇదిగోనే నీ రింగ్. ఆ డెంజిల్ కొట్టంతా తిరగేయించాను," అని జేబులోంచి పొట్లం తీశాడు.

పొట్లంలో కొత్త ఇత్తడి వాల్వు, దాని గొంతుకి సరిపోయే రబ్బరు రింగు.

లాడిస్లావ్ దాన్ని చూశాడు. మళ్ళీ చూశాడు. ముందు చిన్నగా మొదలైన నవ్వు ఆగక, పొయ్యి గట్టు పట్టుకుని నవ్వాడు.

"ఏమైంది ఇతనికి?" అన్నాడు ఇనాస్ బిత్తరపోయి.

ఒలిండాకి మెల్లగా అర్థమైంది. రింగ్. సైజు. కంగ్రాచ్యులేషన్స్. ఉప్పు టీ. అర్థమైన కొద్దీ ఆమె మొహం రంగులు మారింది.

"పపా, ఆంటీ వరండాలో ఉన్నారు. వెళ్ళి టీ తాగు."

"టీ ఇచ్చేది ఎవరు?"

"పపా, వెళ్ళు!"

ఇద్దరూ పూల్ దగ్గరికి వచ్చారు. నీళ్ళు అంచుల దాకా నిండి ఉన్నాయి. ఎర్రమట్టి అడుగుకి దిగి పైన తేటబడింది. సన్నగా తుంపర.

"పెళ్ళి అనుకున్నావా?" అంది ఒలిండా, నీళ్ళ వైపు చూస్తూ.

"ఊఁ."

"డెంజిల్‌కి ఇద్దరు పిల్లలు."

"నాకేం తెలుసు?"

"సరే, అనుకున్నావు. అనుకుంటే టీలో ఉప్పెందుకు?"

లాడిస్లావ్ వాల్వూ రింగూ తీసుకుని గబుక్కున నీళ్ళలోకి దూకేశాడు. కింద చేత్తో తడిమి వాల్వు కూర్చోబెట్టి తిప్పాడు. బిగిసింది. అయినా పైకి రాలేదు. పైకి వస్తే మాట్లాడాలి. ఊపిరి ఇక ఆగదనిపించాక వచ్చాడు.

అంచున బోర్లా పడుకుని నీళ్ళలోకి చూస్తోంది ఒలిండా. మొహం పాలిపోయి ఉంది.

"ఏం చేస్తున్నావు అంతసేపు? చచ్చిపోయావనుకున్నాను!"

"భయపడ్డావా?"

"కాదు, సంబరపడ్డాను! బిగించావా?"

"బిగించాను." రెండు చేతులతో అంచు పట్టుకున్నాడు. ఆమె మొహం జానెడు దూరంలో ఉంది, ముక్కు చివర వాన చుక్క. "ఒలిండా, రేపటితో ఇక్కడ నీ పని అయిపోతుంది. ఎల్లుండి నుంచి నువ్వు రావని తలుచుకుంటే ఇంట్లో వండబుద్ధి కావడం లేదు. నాకు నువ్వంటే ఇష్టం. ఆ రోజు ఫోన్‌లో 'వస్తున్నా' అన్నావే, అప్పటి నుంచి."

తుంపర పెద్దదైంది. ఒలిండా లేవలేదు.

"ఓడ మనుషులు ఒక కాలు ఓడలోనే ఉంచి మాట్లాడతారని మా పపా అంటాడు," అంది నెమ్మదిగా. "మళ్ళీ వెళ్ళిపోతావేమోనని నేనూ పైకి చెప్పలేదు. వాల్వు తప్ప పనంతా ఆదివారమే అయిపోయింది. సోమవారం కంకర ఊరికే అటు తోసి ఇటు తోశాను."

"నిజంగా?"

"నిజంగా. ఉప్పు టీ తాగాను."

"నేనెక్కడికీ వెళ్ళను," అన్నాడు లాడిస్లావ్. అని, ఎన్నాళ్ళ నుంచో బిగపట్టిన ఊపిరేదో వదిలినట్టు నీళ్ళలో వెల్లకిలా తేలాడు.

*

గురువారం పొద్దున్నుంచీ ఒకటే వాన. సాంజావ్ నాడు వాన పడకపోతే తప్పు గానీ పడితే తప్పేముంది? మధ్యాహ్నానికి రోడ్డు మీద ఘుమట్ దరువులు, "వివా సాంజావ్!" అని కేకలు. తలల మీద పూల కిరీటాలు, మెడలో ఆకుల దండలు, చేతుల్లో ఫెణీ సారా సీసాలు, పనసకాయలు, అనాసకాయలు. వాడ వాడంతా పెరట్లోకి దిగింది.

లాడిస్లావ్ మాత్రం అంచు రాళ్ళ చుట్టూ తిరుగుతున్నాడు. ఒలిండా బావిలోకి తొంగి చూసి వచ్చింది.

"నీళ్ళు చేతికి అందుతున్నాయి."

"మరి పూల్?"

"విను."

గోతిలో చిన్న పంపు గుర్రుమంటోంది. కాలవలోకి నీళ్ళు ధారగా పోతున్నాయి. అంచు రాయి ఇసుమంతైనా కదలలేదు.

"ఇక చూడకు," అంది ఆమె, అతని మోచెయ్యి పట్టుకుని. "నేను చూశాను కదా."

దరువు ఆగింది. అందరూ నీళ్ళ చుట్టూ చేరారు. మొదట దూకే హక్కు ఆ ఏటి కొత్త అల్లుడిది. కానీ ఈ ఏడు వాడలో పెళ్ళిళ్ళు లేవు. "అల్లుడేడీ? అల్లుడు లేకుండా ఎలా?" అని గుసగుసలు మొదలయ్యాయి.

ఇనాస్ ఘుమట్ భుజాన సర్దుకుని ముందుకు వచ్చాడు. తన తల మీది పూల కిరీటం తీశాడు. అందరూ చూస్తుండగా లాడిస్లావ్ తల మీద పెట్టి, గట్టిగా కిందికి నొక్కాడు.

"దూకవయ్యా."

"అంకుల్..."

"పపా!" అంది ఒలిండా.

"ఏం, నాకు కళ్ళు లేవా? ఆ రోజు నన్ను వరండాలోకి పంపావు. ఆంటీ గారూ నేనూ టీ అయితే తాగలేదు గానీ, చూడాల్సిందంతా చూశాం. ఏం పెర్పెతు?"

"నేను మొదటి రోజే చూశాను!" అంది పెర్పెతు కుర్చీలోంచి. "కొనరా అంటే వినలేదు!"

నవ్వులతో పెరడు దద్దరిల్లింది. లాడిస్లావ్ ఒలిండా వైపు చూశాడు. ఆమె తడిసిన మొహంతో నవ్వుతూ తల ఊపింది. అతను పరుగెత్తుకుంటూ వెళ్ళి దూకాడు. వెనకే కుర్రాళ్ళంతా ధడేల్ ధడేల్‌మంటూ దూకారు. నీళ్ళు అంచులు దాటి అందరి కాళ్ళ మీదికి పొర్లాయి.

ఆ గోలలో పెర్పెతు వాకర్ పట్టుకుని మెట్ల దగ్గరికి వచ్చిన సంగతి ఎవరూ గమనించలేదు. ఒలిండా గమనించి చెయ్యి అందించింది. ఆవిడ ఒక చేత్తో కమ్మీ, ఇంకో చేత్తో ఒలిండాని పట్టుకుని మెట్టు మెట్టు దిగింది. నీళ్ళు ఛాతీ దాకా వచ్చాక వెన్ను నిటారైంది. కాసేపు నిలబడింది. తర్వాత ఒలిండా చెయ్యి వదిలేసి, నడిచింది.

కుర్రాళ్ళు ఈతలు ఆపి పక్కలకి జరిగారు. లాడిస్లావ్ నీళ్ళలోనే నిలబడి చూస్తున్నాడు. ఆవిడ నెమ్మదిగా, తల ఎత్తుకుని, పూల్ ఈ దరి నుంచి ఆ దరికి వచ్చి, ఒడ్డున నిలబడ్డ ఇనాస్ ముందు ఆగింది.

"ఏం వియ్యంకుడా, దిగుతావా, అక్కడే నిలబడి తడుస్తావా?"

ఇనాస్ ఘుమట్ పక్కన పెట్టి చెప్పులు విడిచాడు.